మాత్ర అంటే కొలత

తెలుగులో ఓపిక అన్న మాట రెండు పనులు చేస్తుంది. ఒంట్లో సత్తువ లేనప్పుడు ఓపిక లేదంటాం, కష్టంలో ఉన్నవాళ్ళను ఓపిక పట్టమంటాం. బలానికీ సహనానికీ ఒకే మాట పెట్టుకున్న జాతి ఏదో గమనించే పెట్టుకుని ఉంటుంది. దీర్ఘవ్యాధితో బతికే మనిషికి ఈ రెండు అర్థాలూ ఒకే రోజున ఎదురవుతాయి. మధుమేహం కావచ్చు, కీళ్ళవాతం కావచ్చు, మూత్రపిండాల జబ్బో క్షయో కావచ్చు, క్యాన్సర్ చికిత్స ముగిసిన తర్వాతి నెలలు కావచ్చు. నొప్పిని మందు అణచినా నీరసం మిగిలిపోతుంది. రాత్రంతా పడుకుని లేచినా తీరదు. స్నానం చేసి వచ్చేసరికి మళ్ళీ మంచం ఎక్కాలనిపిస్తుంది. అందుకే వైద్యుడి గదిలోంచి లేవబోతూ మనవాళ్ళు తప్పకుండా అడిగే మాట ఒకటుంది: బలానికి కూడా ఏమన్నా రాయండి. అలా అడగడంలో తప్పేమీ లేదు. కానీ ఆ మాటలో ఒక నమ్మకం దాగి ఉంది. బలం ఒక సరుకు, అది సీసాలో ఉంటుంది, అక్కడి నుంచి మన ఒంట్లోకి దిగుతుంది అన్న నమ్మకం. పైకి వైద్యుల గొడవలా కనిపించినా దీని అడుగున ఉన్నది తత్త్వవేత్తల పాత ప్రశ్నే. శక్తి పదార్థంలో ఉంటుందా, లేక పదార్థానికీ దాన్ని పుచ్చుకునే దేహానికీ కుదిరిన పొత్తులో ఉంటుందా? రెండోదే నిజమని నా అభిప్రాయం. మన భాషే అందుకు సాక్ష్యం చెబుతోంది. బిళ్ళను మనం మాత్ర అంటాం. మాత్రకు అసలు అర్థం కొలత. ఛందస్సులో అక్షరం పలికే కాలానికి కొలత, వైద్యంలో ఈ దేహానికి ఇంత అనే కొలత. కొరత ఎంతో చూడకుండా మింగేది బిళ్ళ అవుతుంది గాని మాత్ర కాదు.

ముందుగా ఒక అపోహ తొలగాలి. ఆధ్యాత్మికత అన్నాన్నీ దేహాన్నీ చిన్నచూపు చూస్తుందని, కనుక పోషకాల సంగతి లౌకికులకే వదిలేయాలని అనుకునేవాళ్ళున్నారు. ఛాందోగ్యోపనిషత్తు అలా అనుకోలేదు. ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువును 15 రోజులు అన్నం మానమన్నాడు, నీళ్ళు మాత్రం కావలసినన్ని తాగమన్నాడు. ఆ గడువు తీరాక వేదం చెప్పమంటే ఒక్క ఋక్కూ, ఒక్క సామమూ గుర్తుకు రాలేదు. అన్నం తిని వచ్చాక అడిగినవన్నీ చెప్పాడు. పెద్ద మంట ఆరిపోయి మిణుగురంత నిప్పు మిగిలితే దానితో ఏదీ కాలదని, ఎండుగడ్డి వేస్తే అదే మళ్ళీ భగ్గుమంటుందని తండ్రి వివరించాడు. మనస్సు అన్నమయమని ఆయన వాదించి ఒప్పించలేదు, ప్రయోగం చేసి చూపించాడు. ముందు తీసేసి చూడటం, తర్వాత తిరిగి ఇచ్చి చూడటం. ఎన్నో శతాబ్దాల తర్వాత పోషకాహార శాస్త్రం నడిచిన దారీ ఇదే. అయితే ఆ కథలో మనం అంతగా పట్టించుకోని సంగతి ఇంకొకటుంది. కొడుకులో ఏది తగ్గిందో ఉద్దాలకుడికి తెలుసు, తీసేసింది ఆయనే కనుక. కొరత తెలుసు కాబట్టే దానికి మందు అన్నమని తేల్చగలిగాడు. శ్వేతకేతువు విషజ్వరంతో వేదం మరిచిపోయి ఉంటే ఆ పూట పెట్టిన అన్నం దాన్ని తిరిగి తెచ్చేది కాదు.

విటమిన్ల చరిత్ర అంతా ఈ తీసివేతల, తిరిగి ఇవ్వడాల చరిత్రే. 1747లో జేమ్స్ లిండ్ అనే నౌకావైద్యుడు స్కర్వీతో మంచాన పడ్డ 12 మంది నావికులను జంటలుగా విడదీసి ఒక్కో జంటకు ఒక్కో మందు ఇస్తే, నారింజలూ నిమ్మకాయలూ తిన్న ఇద్దరే అందరికంటే త్వరగా తేరుకున్నారు. జావాలో ఐక్మన్ అనే డచ్చి వైద్యుడు మరపట్టిన తెల్లబియ్యం తిన్న కోళ్ళకు కాళ్ళు పడిపోవడం, దంపుడు బియ్యం పెడితే మళ్ళీ నిలబడటం చూశాడు. మనుషుల్లో అలా కాళ్ళు పడిపోయే జబ్బు బెరిబెరి. అది మన ఉత్తర సర్కారుల తీరాన్నీ పీడించింది. ఆ జబ్బు విచారణ కోసం 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ కూనూరులో మొదలుపెట్టిన చిన్న విభాగమే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు తరలి, ఇవాళ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థగా ఉంది. జొన్న తిండి మీదే బతికే దక్కను పేదల్లో కనిపించిన పెల్లాగ్రాను అక్కడి పరిశోధకులు 1960ల్లో శ్రద్ధగా చదివారు. చర్మం పొలుసులు లేచి, మతి చలించిన మనిషి నయాసిన్‌తో మళ్ళీ మామూలు మనిషి కావడం శ్వేతకేతువు కథను కళ్ళ ముందు జరిపి చూపినట్టే. ఇవి మహత్తర విజయాలు, వీటిని తక్కువ చేయడం కృతఘ్నత. కానీ వీటన్నిటి స్వభావం ఒకటే. ప్రతిచోటా ఒక గొయ్యి ఉంది, దాన్ని పూడ్చారు. పూడ్చిన తర్వాత ఇంకా మట్టి పోస్తే అది గుట్టయి దారికి అడ్డం పడుతుంది. 1912లో కాసిమిర్ ఫంక్ ఈ పదార్థాలకు పేరు పెడుతూ ప్రాణం అనే అర్థమున్న లాటిన్ మాటను ముందు తగిలించాడు. సగం అపార్థం ఆ పేరు దగ్గరే పుట్టిందని నాకనిపిస్తుంది. విటమిన్‌లో ప్రాణమూ లేదు, ఇంధనమూ లేదు. అన్నం, పప్పు, నూనె ఒంట్లో కాలి శక్తినిస్తాయి. ఆ పని సాగడానికి విటమిన్ ఒక పనిముట్టు. మగ్గం మీద నాడె విరిగితే నేత ఆగిపోతుంది, కొత్త నాడె పెడితే సాగుతుంది. పక్కన పది నాడెలు పేర్చుకున్నంత మాత్రాన బట్ట ఎక్కువ రాదు.

భీమవరంలో పుట్టిన ఒక మనిషి జీవితం ఈ సంగతిని ఏ శాస్త్రగ్రంథం కంటే స్పష్టంగా చెబుతుంది. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో పుట్టారు. ఆయన సోదరులిద్దరు కొద్ది రోజుల తేడాతో స్ప్రూ జబ్బుతో పోయారు. నోరు పూసి, విరేచనాలు పట్టి, తిన్నది ఒంటబట్టక మనిషి కరిగిపోయే జబ్బు అది. అదే తనకూ వస్తే మద్రాసులో ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. తర్వాత హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1920ల చివర కండరంలోంచి ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఏటీపీని వెలికితీశారు. ఏటీపీ ఒంట్లో ప్రతి కణమూ తన రోజువారీ పనులకు వాడుకునే చిల్లర డబ్బు లాంటిది. నిలవ ఉండేది కొంచెమే, ఎప్పటికప్పుడు తయారై ఎప్పటికప్పుడు ఖర్చయిపోతుంది. ఒక రోజులో ఇలా తయారై ఖర్చయ్యే ఏటీపీని తూచగలిగితే దాదాపు ఆ మనిషి బరువంత ఉంటుందని అంచనా. బలాన్ని గాదెలో పోసుకునే ధాన్యంలా ఊహించుకుంటాం గాని, అది కాలువలో పారే నీరు. ఆ పారకాన్ని చూసిన మనిషే తర్వాత లెడర్లీ ప్రయోగశాలలో 1945 నాటికి తన బృందంతో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేయించారు. బొంబాయి మిల్లు కార్మిక స్త్రీల గర్భకాల రక్తహీనతలో లూసీ విల్స్ 1931లో జాడ పట్టుకున్న పదార్థం అదే. తన సోదరులను తీసుకుపోయిన స్ప్రూకు మందూ అదే అయింది.

కథ అక్కడ ఆగితే ఫోలిక్ ఆమ్లం అమృతమే. ఆగలేదు. పెర్నీషియస్ అనీమియా రోగులకు దాన్ని ఇచ్చినప్పుడు రక్తం మెరుగైంది, ముఖం తేటపడింది, ఓపిక వచ్చింది. కానీ వాళ్ళలో కొందరికి కాళ్ళు మొద్దుబారి నడక తడబడింది. లోపల వెన్నుపాము దెబ్బతింటూనే ఉంది. వాళ్ళకు తక్కువైంది 1948లో వేరుచేసిన బి12. రక్తం బాగుపడటంతో ఆ అసలు కొరత కంటికి కనపడకుండా పోయింది. బలం వచ్చిందన్న అనుభవమూ నిజమే, దాని చాటున జరిగిన నష్టమూ నిజమే. అదే కాలంలో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లలకు ఫోలిక్ ఆమ్లానికి చెందిన పదార్థాలు ఇస్తే జబ్బు జోరెక్కినట్టు ఆయనకు తోచింది. అప్పుడాయన దాన్ని తిరగేసి ఆలోచించాడు. ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే మందు ఇస్తే? ఆ మందు, అమినోప్టెరిన్, సుబ్బారావు గారి బృందం నుంచే వచ్చింది. 1948లో ప్రచురించిన ఫలితాల్లో 16 మంది పిల్లల్లో 10 మందికి, తాత్కాలికంగానే అయినా, గుణం కనిపించింది. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్‌ను ఇవాళ కీళ్ళవాతానికి వారానికి ఒకసారి ఇస్తున్నారు, దానితోపాటు ఫోలిక్ ఆమ్లాన్నీ కొలిచి రాస్తున్నారు. ఒకటే పదార్థం. స్ప్రూ రోగికి ప్రాణదానం చేసింది, బి12 లేని రోగి కళ్ళకు గంతలు కట్టింది, క్యాన్సర్ కణానికి మేత అయింది, కీళ్ళవాత రోగికి మందు చేసే హానికి విరుగుడయింది. బలం ఆ పసుపురంగు పొడిలోనే ఉందని ఎవరనగలరు? ఎవరికి, ఎప్పుడు, ఎంత అన్న మూడూ కుదిరిన చోట ఉంది.

ఈ వెలుగులో దీర్ఘవ్యాధి నీరసాన్ని చూస్తే అది ఒక్క చోటు నుంచి పుట్టదని తెలుస్తుంది. కొన్నిసార్లు నిజంగా కొరతే. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడే మధుమేహ రోగిలో బి12 తగ్గవచ్చు, శాకాహారి అయితే ఆ అవకాశం మరీ ఎక్కువ. అరికాళ్ళ తిమ్మిర్లన్నీ షుగరు వల్లేననుకుని ఆ పరీక్ష చేయించకుండా గడిపితే నరాలు పోతాయి. అక్కడ బి12 ఇవ్వకపోవడమే అపరాధం. కానీ కీళ్ళవాతంలోనూ క్షయలోనూ రోగనిరోధక వ్యవస్థ విడుదల చేసే సైటోకైన్లు మెదడుకు పడుకో, కదలకు అని కబురు పెడతాయి. ఆ నీరసం ఒంటి ఆజ్ఞ. లోపలి జబ్బును అణచితేనే అది తగ్గుతుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్ళను, మన ఉద్దానం రోగులతో సహా, చూడండి. వాళ్ళలో రక్తం తగ్గడానికి ముఖ్య కారణం ఎరిత్రోపాయిటిన్ అనే హార్మోనును మూత్రపిండాలు తగినంత తయారుచేయలేకపోవడం. టానిక్ సీసా దానికి బదులు కాలేదు. పైగా వాళ్ళ ఒంట్లో విటమిన్ ఎ పేరుకుంటుంది, అతిగా మింగిన విటమిన్ సి ఆక్సలేటుగా మారి ఆ మూత్రపిండాల మీదే భారమవుతుంది. థైరాయిడ్ తక్కువైనవాళ్ళు పరగడుపున వేసుకునే మాత్రతో పాటే బలానికని ఐరన్, కాల్షియం బిళ్ళలు మింగితే అవి ఆ మందును సరిగ్గా ఒంటబట్టనివ్వవు. నీరసం తీరాలని వేసుకున్న బిళ్ళే నీరసాన్ని పెంచుతుంది. తరచూ రక్తం ఎక్కించుకునే తలసేమియా పిల్లల గుండెలో, కాలేయంలో ఇనుము అప్పటికే ముప్పుగా పేరుకుని ఉంటుంది. ఆదిపర్వంలో ఖాండవ దహనానికి ముందు జరిగిన కథ తెలుగువాళ్ళకు కొత్త కాదు. శ్వేతకి మహారాజు యజ్ఞంలో పన్నెండేళ్ళు ఎడతెగకుండా పోసిన నెయ్యి తాగి తాగి అగ్నిదేవుడంతటివాడికే అజీర్తి చేసి తేజస్సు తగ్గింది. ఏ నెయ్యితో మంట వెలగాలో ఆ నెయ్యే మంటను మందగింపజేసింది. బ్రహ్మ అతనికి చెప్పిన విరుగుడు ఇంకొంత నెయ్యి కాదు.

హాని లేనివాటిని వేసుకుంటే ఏం పోతుంది అనే వాదానికి పైన కొంత జవాబు వచ్చింది, మిగతాది ఫిన్లాండ్ చెప్పింది. పొగతాగే 29,133 మంది మగవాళ్ళ మీద జరిపి 1994లో ఫలితాలు వెల్లడించిన పరీక్షలో బీటా కెరోటిన్ మాత్ర ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను తగ్గిస్తుందని ఆశిస్తే, వేసుకున్నవాళ్ళలో 18 శాతం ఎక్కువగా కనిపించింది. నరాల బలానికని వాడే బి6 కూడా పెద్ద మోతాదులో నెలల తరబడి వాడితే నరాలనే దెబ్బతీస్తుందని 1983లోనే వైద్యులు నమోదు చేశారు. వీటికంటే బరువైన అభ్యంతరం ఆశకు సంబంధించినది. బిళ్ళలో ఏమీ లేకపోయినా అది ఇచ్చే ధైర్యమూ బలమే కదా, దీర్ఘరోగి చేతిలోంచి ఆ కాస్త ఆశనూ లాక్కోవడం క్రూరత్వం కాదా అని అడుగుతారు. దీన్ని తేలిగ్గా తోసేయలేను. 2012లో ప్రచురితమైన ఒక పరీక్షలో, రక్తహీనత లేకపోయినా ఇనుము నిల్వలు తక్కువై నీరసపడుతున్న 198 మంది స్త్రీలను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఇనుము, ఇంకో జట్టుకు ఉత్తి బిళ్ళ 12 వారాలు ఇచ్చారు. ఇనుము తీసుకున్నవాళ్ళ నీరసం దాదాపు 48 శాతం తగ్గింది. ఉత్తి బిళ్ళ వాళ్ళకూ దాదాపు 29 శాతం తగ్గింది. మొదటి అంకె కొరత ఉన్నచోట మాత్ర పనిచేస్తుందని చెబుతోంది. రెండో అంకె దగ్గర కాసేపు ఆగాలి. ఆ స్త్రీల చేతిలో బిళ్ళ ఒక్కటే పెట్టలేదు. ఎవరో వాళ్ళ నీరసాన్ని నమ్మారు, అడిగి రాసుకున్నారు, మళ్ళీ పలకరించారు. రోజులు గడవడం వల్ల కూడా కొంత మేలు జరిగి ఉంటుంది. కాబట్టి ఆ ఊరటను బిళ్ళ ఖాతాలో కంటే పట్టించుకోవడం ఖాతాలో రాయడమే న్యాయమని నేననుకుంటాను. పట్టించుకుంటూ బిళ్ళ మానవచ్చు. మన ఇళ్ళలో జరుగుతున్నది మాత్రం బిళ్ళ ఇచ్చి పట్టించుకోవడం మానడం.

ఇదంతా పాశ్చాత్య వైద్యపు లెక్క, మన రసాయన చికిత్స వేరు అనేవాళ్ళకు సుశ్రుతుణ్ణి చూపిస్తాను. శోధన జరగని దేహానికి రసాయనం ఇవ్వడం మురికి గుడ్డకు రంగు వేయడం లాంటిదని, ఆ రంగు పట్టదని ఆయన అన్నాడు. యుక్తితో వాడితే తీక్ష్ణమైన విషం కూడా మందవుతుందని, యుక్తి తప్పితే మందే విషమవుతుందని చరకుడన్నాడు. రోగిని చూడకుండా అందరికీ ఒకే లేహ్యం అమ్మే పద్ధతికి ఈ ఇద్దరిలో ఎవరి మద్దతూ లేదు. ఇక రెండో వైపు నుంచి వచ్చే అభ్యంతరం ఉంది. వ్యాధి ప్రారబ్ధం, బలం కావాలనుకోవడమే మోహం, ఉన్నదాన్ని భరించడమే సాధన అని కొందరు భక్తులు నిజాయితీగానే నమ్ముతారు. తీర్చగల కొరతను భరించడం ఓపిక కిందికి రాదు, నిర్లక్ష్యం కిందికి వస్తుంది. ఎముకల గూడు అయ్యేదాకా ఉపవసించిన సిద్ధార్థుడు ఆ దారి తప్పని తెలుసుకుని సుజాత ఇచ్చిన పాయసం స్వీకరించాడు, ఆ తర్వాతే బోధి కింద కూర్చున్నాడు. అయితే తీరని నీరసం కూడా ఉంటుంది. మయాల్జిక్ ఎన్‌సెఫలోమైలైటిస్ అనే జబ్బులో చిన్న శ్రమ కూడా మనిషిని రోజుల తరబడి పడేస్తుంది. దానికి విటమిన్లు, ఖనిజాలు మామూలుగా వాడటానికి తగిన ఆధారం లేదని బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2021 మార్గదర్శకాల్లో చెప్పింది, ఉన్న శక్తి హద్దులోనే రోజును సర్దుకోమంది. ఓపిక అన్న మాటకు రెండో అర్థం పనికివచ్చేది ఇక్కడే. అది రోగి ఒక్కడికే వర్తించదు. ఇంట్లోవాళ్ళూ ఓపిక పట్టాలి.

బలం సీసాలో దొరుకుతుందన్న నమ్మకంలో నన్ను అన్నిటికంటే బాధించేది ఇదే. బలం కొనుక్కునే వస్తువైన రోజున బలహీనత రోగి చేసిన తప్పవుతుంది. ఇన్ని బిళ్ళలు తెచ్చిచ్చాం, ఇంకా లేవవేం అన్న మాట ఎవరూ పైకి అనకపోయినా ఆ గదిలో తిరుగుతుంది. రోగి కూడా తనకు మనోబలం చాలలేదేమోనని తనను తాను నిందించుకుంటాడు. కొనిపెట్టిన బంధువుకు ఋణం తీరినట్టుంటుంది. వంటింటి పనిలోనో, ఆస్పత్రి ప్రయాణంలోనో పంచుకోవలసిన భారం మాత్రం కదలకుండా అలాగే ఉంటుంది. మన దేశంలో 2016 నాటి నిబంధనల ప్రకారం ఈ పోషక బిళ్ళల డబ్బాల మీద ఔషధంగా వాడటానికి కాదని రాయాలి. మనం వాటిని సరిగ్గా అందుకే కొంటాం. దీనికి పక్కన ఝార్ఖండ్‌లో జరిగి 2023లో ఫలితాలు వెలువడిన పరిశోధనను పెట్టి చూడండి. 2,800 మంది క్షయ రోగుల ఇళ్ళలోని 10,345 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు నెలనెలా బియ్యం, పప్పు, వాటితోపాటు సూక్ష్మపోషకాల మాత్ర ఇచ్చారు. ఆ ఇళ్ళలో కొత్తగా క్షయ రావడం దాదాపు 40 శాతం తగ్గింది. అక్కడ మాత్ర ఉంది, కానీ బియ్యం బస్తా పక్కన ఉంది, ఇంటిల్లిపాదికీ ఉంది. తైత్తిరీయంలో భృగువు మొదట అన్నమే బ్రహ్మమనుకున్నాడు. అక్కడ ఆగక ప్రాణం, మనస్సు, విజ్ఞానం దాటి ఆనందం దాకా వెళ్ళాడు. విశేషం ఏమిటంటే ఆ ఎత్తు చేరిన తర్వాత ఉపనిషత్తు మళ్ళీ అన్నం దగ్గరికే దిగివచ్చి, దాన్ని నిందించవద్దని, పెంచమని, ఇంటికి వచ్చినవాళ్ళను కాదనవద్దని వ్రతాలు చెబుతుంది. బలం గురించి నాకు తెలిసిన అతి సమగ్రమైన ఆలోచన ఇదే. అందులో అన్నం ఉంది, అన్నాన్ని పంచుకునే ఇల్లూ ఉంది.

మీ ఇంట్లో దీర్ఘవ్యాధితో ఎవరైనా ఉంటే, ఈసారి ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు వాళ్ళు వాడుతున్న బిళ్ళలు, పొడులు, టానిక్కులు, లేహ్యాలు, చీటీ లేకుండా కొన్నవాటితో సహా, అన్నీ ఒక సంచిలో వేసుకెళ్ళి వైద్యుడి బల్ల మీద పెట్టండి. జుట్టుకూ గోళ్ళకూ అని బయోటిన్ వాడుతుంటే రక్తపరీక్షకు ముందే చెప్పండి, అది థైరాయిడ్, గుండె పరీక్షల ఫలితాలను తారుమారు చేయగలదు. బలానికేమన్నా రాయమని అడిగే బదులు, ఈ నీరసం ఎక్కడి నుంచి వస్తోంది, వీటిలో ఏది అక్కర్లేదు అని అడగండి. ఇంటికి వచ్చాక, ఆ మనిషి చేసే పనుల్లో ఏదో ఒకటి మీరు తీసుకోండి.